నర్సింగ్‌లో 'తొందర' కోర్సులు: సీమ విద్యార్థి వేసుకోవాల్సిన లెక్క

నర్సింగ్‌లో త్వరగా డిగ్రీ వచ్చే దారి ఏదని అడిగేవాళ్లు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో రెండు రకాలుగా కనిపిస్తారు. ఇంటర్ ముగించినవాళ్లు, లేదా బీఎస్సీ జువాలజీయో బీకామో చేసి ఉద్యోగం దొరక్క ఇటువైపు చూస్తున్నవాళ్లు ఒక రకం. ఇప్పటికే జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేసి ఏ ప్రైవేటు ఆసుపత్రిలోనో, కాంట్రాక్టు మీద ప్రభుత్వ ఆసుపత్రిలోనో నైట్ డ్యూటీలు చేస్తూ పైచదువుకు దారి వెతుక్కునేవాళ్లు రెండో రకం. వీళ్ల అవసరాలు వేరు, చేతిలో ఉన్న సమయం వేరు, ఇంటి పరిస్థితి వేరు. అయినా ఇద్దరికీ అందే కరపత్రం ఒకటే: తక్కువ కాలం, సులువు ఫీజు, గ్యారంటీ ఉద్యోగం.

ఇక్కడ ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన దేశంలో నర్సు కాని మనిషిని తక్కువ కాలంలో రిజిస్టర్డ్ నర్సును చేసే గుర్తింపు ఉన్న కోర్సు ఏదీ లేదు. నర్సుగా ఇప్పటికే రిజిస్టరైన వాళ్లకు మాత్రం డిగ్రీ వైపు దగ్గరి దారి ఉంది. ఆ దారి కూడా అందరికీ లాభం కాదు. కోర్సు ఎన్నాళ్లని చూసేకన్నా, కోరుకున్న పోస్టుకు అర్హత రావడానికి మొత్తం ఎన్నేళ్లు పడుతుందో, ఆ ఏళ్లలో వార్డులో ఎంత పని నేర్చుకుంటారో లెక్క వేస్తే చాలామంది నిర్ణయం మారిపోతుంది.

అమెరికాలో 'యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్' అనే కోర్సు ఉంది. వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్లు 11 నుంచి 18 నెలల్లో నర్సింగ్ డిగ్రీ తెచ్చుకుంటారు. ఇంటర్నెట్‌లో దీని గురించి చదివి, అలాంటిదే ఇక్కడా ఉంటుందని అనుకునేవాళ్లు తక్కువేం కాదు. అక్కడ ఆ కోర్సు అంత చిన్నదిగా కనిపించడానికి కారణాలున్నాయి. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ వంటి సబ్జెక్టులు ముందే చదివి ఉండాలి. మొదటి డిగ్రీలో పూర్తిచేసిన భాగాన్ని మళ్లీ చదివించరు. సెలవులు దాదాపు ఉండవు. వారమంతా క్లాసులు, ఆసుపత్రి పనితో నిండిపోయి ఉద్యోగం చేస్తూ చదవడం కష్టమవుతుంది. అంటే క్లినికల్ పనిని తగ్గించలేదు, దాన్ని తక్కువ నెలల్లోకి కుదించారు.

మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో ఈ ఏర్పాటు లేదు. జువాలజీ డిగ్రీ ఉన్నా బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టాలి, నాలుగేళ్లూ చదవాలి. కౌన్సిల్ పెట్టిన ఇంకో నియమం చాలామందికి తెలియదు. థియరీకి కనీసం 80 శాతం హాజరు ఉంటే పరీక్ష రాయనిస్తారు. ప్రాక్టికల్, క్లినికల్ పనికి మాత్రం డిగ్రీ చేతికొచ్చేలోగా 100 శాతం పూర్తి కావాలి. జ్వరం వచ్చి వారం పోస్టింగ్ పోతే ఆ వారం తర్వాతైనా చేయాల్సిందే. సెమిస్టర్ పద్ధతిలో 2021 నుంచి నడుస్తున్న కొత్త సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్పే: వారానికి 48 గంటల చొప్పున 22 వారాలు, అంటే 1,056 గంటలు. ఇది తెలిసిన మనిషి 'కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలప్పుడు వస్తే చాలు' అన్న మాట వినగానే జాగ్రత్తపడాలి. నాన్ అటెండింగ్ అని ఊళ్లో చెప్పుకునే ఆ సీట్లలో కాలేజీ రికార్డుల్లో రాసిన గంటలన్నీ అబద్ధమే అవుతాయి. ఆ అబద్ధం తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. అప్పటికి ఏజెంటు దొరకడు, ఇబ్బందిపడేది సర్టిఫికెట్ మీద పేరున్న పిల్లే.

ఇక అసలు మెట్లు చూద్దాం. ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్లు. జీఎన్‌ఎం మూడేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్‌ఎం చేసినవాళ్లకు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు. ఎమ్మెస్సీ నర్సింగ్ రెండేళ్లు. ఏఎన్‌ఎం చేసినవాళ్లు జీఎన్‌ఎంలో చేరవచ్చు కానీ చదివిన రెండేళ్లకు మినహాయింపు ఏమీ దొరకదు, మూడేళ్లూ చదవాలి. 'ఏఎన్‌ఎం తర్వాత ఒక్క ఏడాదిలో జీఎన్‌ఎం' అని ఎవరైనా చెబితే అది అబద్ధమని తెలుసుకోవాలి.

ఈ అంకెలను పక్కపక్కన పెడితే, నేరుగా బీఎస్సీ చేస్తే నాలుగేళ్లలో డిగ్రీ వస్తుంది. జీఎన్‌ఎం చేసి పోస్ట్ బేసిక్ చేస్తే మొత్తం ఐదేళ్లు. మొదటిది ఒక ఏడాది తక్కువ. ఎమ్మెస్సీ దాకా వెళ్లాలనుకుంటే, దానికి 55 శాతం మార్కులతో పాటు ఏడాది పని అనుభవం అడుగుతారు. బీఎస్సీ వాళ్లకు ఆ అనుభవం డిగ్రీ తర్వాతిదై ఉండాలి, పోస్ట్ బేసిక్ వాళ్లకు ముందుదైనా తర్వాతదైనా సరిపోతుంది. అలా నేరుగా వెళ్లినవాళ్లకు ఏడేళ్లు, జీఎన్‌ఎం దారిన వెళ్లినవాళ్లకు ఎనిమిదేళ్లు పడుతుంది. కాబట్టి ఇంటర్ బైపీసీ అప్పుడే ముగించి, ఇంట్లో నాలుగేళ్లు చదివించే స్తోమత ఉండి, మంచి సీటు దొరికితే బీఎస్సీనే తీసుకోవాలి. అక్కడ పెద్దగా ఆలోచించాల్సింది లేదు. బీఎస్సీకి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. ఇటీవలి సంవత్సరాల్లో కన్వీనర్ సీట్లకు ఈఏపీసెట్ ర్యాంకును చూస్తున్నారు. మెడికల్ సీటు కోసం ఒకటి రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో గడిపి, చివరికి నర్సింగ్ వైపు వచ్చే పిల్లలు ఇంటర్ చదివేటప్పుడే ఈ సంగతి తెలుసుకుంటే ఆ ఏళ్లు మిగిలేవి. ఇంట్లో పెద్దవాళ్లు పట్టించుకోవాల్సిన విషయం ఇది.

ఆలోచన అవసరమయ్యేది స్తోమత లేని చోట. ఆదోని, కోసిగి వైపు సుగ్గికి (పనుల కోసం వలస) పోయే ఇళ్లలో, వేరుశనగ రెండేళ్లు వరసగా ఎండిపోయిన కదిరి, రాయదుర్గం వైపు ఇళ్లలో నాలుగో ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు చిన్న విషయం కాదు. ఆర్ట్స్ గ్రూపు చదివిన పిల్లకైతే బీఎస్సీ దారే లేదు. జీఎన్‌ఎంకు ఇంటర్‌లో 40 శాతం మార్కులు, ఇంగ్లిష్ ఉంటే చాలు, సైన్స్ గ్రూపే కావాలని నియమం లేదు. ఈ కోర్సును ఎత్తేస్తారని 2019 ప్రాంతంలో పెద్ద ప్రచారం జరిగింది. చాలామంది భయపడ్డారు కూడా. కోర్సు ఇప్పటికీ నడుస్తోంది, సర్టిఫికెట్ విలువ పోలేదు.

పోస్టుల వైపు నుంచి చూస్తే జీఎన్‌ఎంను చిన్నచూపు చూడాల్సిన పని లేదని తెలుస్తుంది. రాష్ట్రంలో ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకు జీఎన్‌ఎం, బీఎస్సీ ఇద్దరూ అర్హులే. ఇటీవలి నోటిఫికేషన్లలో ఎంపిక తీరు ఇలా ఉంటోంది: మొత్తం 100లో 75 చదువులో తెచ్చుకున్న మార్కులకు, పాసై గడిచిన ఒక్కో పూర్తి ఏడాదికి ఒక మార్కు చొప్పున 10 వరకూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసిన కాంట్రాక్టు సేవకు 15 వరకూ. దీన్నిబట్టి రెండు సంగతులు అర్థమవుతాయి. ఒకటి, చదివేటప్పుడు తెచ్చుకున్న మార్కులు జీవితాంతం వెంట వస్తాయి, పాసైతే చాలనుకుంటే తర్వాత దిద్దుకునే వీలు లేదు. రెండు, ఈ ఒక్క పోస్టే లక్ష్యమైతే ఏడాది ముందు బయటికొచ్చిన జీఎన్‌ఎం విద్యార్థికి ఒక మార్కు, కాంట్రాక్టులో చేరగలిగితే ఇంకొన్ని మార్కులు ముందే పడతాయి. డిగ్రీ అన్నది ఇక్కడ ప్రత్యేకంగా ఏమీ కలపదు.

ఎయిమ్స్ వైపు చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. 2020 నుంచి ఎయిమ్స్‌లన్నిటికీ నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. మంగళగిరి ఎయిమ్స్ కూడా ఇందులోకే వస్తుంది. ఆ నర్సింగ్ ఆఫీసర్ పోస్టు లెవెల్ 7, మొదటి మూలవేతనం 44,900 రూపాయలు. బీఎస్సీ వాళ్లు, పోస్ట్ బేసిక్ బీఎస్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ రాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఇక్కడే చాలామంది గమనించని సంగతి దాగి ఉంది. జీఎన్‌ఎం తర్వాత పోస్ట్ బేసిక్ చేసినా మొత్తం ఐదేళ్లే, జీఎన్‌ఎం తర్వాత రెండేళ్లు పనిచేసినా ఐదేళ్లే. నార్సెట్ రాయడం కోసమే అప్పు చేసి పోస్ట్ బేసిక్‌లో చేరాల్సిన అవసరం లేదన్నమాట. పనిచేసినవాళ్లకు జీతం వస్తుంది, పోస్ట్ బేసిక్ చేసినవాళ్లకు ఫీజు పోతుంది. అయితే ఆ పని 50 పడకలు నిజంగా ఉన్న ఆసుపత్రిలో, అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం బ్యాంకు ఖాతాలో పడిన ఆధారం, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌తో చేసినదై ఉండాలి. పది పడకల నర్సింగ్‌హోమ్‌లో చేతికి నగదు తీసుకుని నాలుగేళ్లు చేసినా ఆ అనుభవం కాగితం మీద సున్నాయే. మరోమాట, ఈ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయిస్తున్నారు. నర్సింగ్‌లో చేరే అబ్బాయిలు ఈ పోటీని ముందే దృష్టిలో పెట్టుకోవాలి.

మరి పోస్ట్ బేసిక్ ఎవరికి పనికొస్తుంది? టీచింగ్ వైపు, ఎమ్మెస్సీ వైపు వెళ్లదలచినవాళ్లకు తప్పనిసరి. గ్రామాల్లోని ఆరోగ్య కేంద్రాల్లో, ఊళ్లో విలేజ్ క్లినిక్ అని పిలిచేచోట, ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా) చేరాలనుకునేవాళ్లకూ కావాలి. దేశమంతటా కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అనే పేరున్న ఈ పోస్టుకు మన రాష్ట్రంలో బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్ బీఎస్సీ అడుగుతారు, ఇక్కడ జీఎన్‌ఎంతో సరిపెట్టే పోస్టు కాదిది. దీనికోసం ముందు ఆరు నెలల బ్రిడ్జి సర్టిఫికెట్ విడిగా చేయాల్సి వచ్చేది. తర్వాత ఆ పాఠాన్ని డిగ్రీ సిలబస్‌లోనే కలిపేశారు. పెళ్లయి సొంత మండలం దాటి వెళ్లలేని నర్సులకు, నైట్ డ్యూటీలు ఇక చేయలేమనుకునేవాళ్లకు ఈ పోస్టు చాలా నయం. బీపీ, షుగర్, గర్భిణుల చెకప్, టీకాలు అన్నీ ఒక్క మనిషి చూసుకోవాలి కాబట్టి పని తక్కువని అనుకోకూడదు. కానీ డాక్టరు దగ్గర్లో లేని ఊళ్లో సొంతంగా నిర్ణయం తీసుకునే నర్సు అంటే ఆ గౌరవమే వేరు. సీమ పల్లెలకు అలాంటి నర్సుల అవసరం చాలా ఉంది.

పోస్ట్ బేసిక్ చేయడానికి రెండు పద్ధతులున్నాయి. కాలేజీలో రెగ్యులర్‌గా రెండేళ్లు ఒకటి. ఇగ్నో ద్వారా దూరవిద్యలో కనీసం మూడేళ్లు రెండోది. ఇగ్నోలో చేరాలంటే రిజిస్టర్డ్ నర్సై, ఇంటర్ పాసై, రెండేళ్ల అనుభవం ఉండాలి. ప్రవేశ పరీక్ష రాయాలి. దూరవిద్య అన్నారు కదా అని ఇంట్లో కూర్చుని చేసేది కాదు, ప్రోగ్రాం స్టడీ సెంటర్‌కు వెళ్లి ప్రాక్టికల్స్ చేయాలి. ఉద్యోగం పోకుండా డిగ్రీ తెచ్చుకునే నమ్మకమైన మార్గం ఇదే. రెగ్యులర్‌లో చేరాలంటే కాంట్రాక్టు నర్సు ఉద్యోగం వదులుకోవాలి. పైన చెప్పిన కాంట్రాక్టు సేవ మార్కులు అక్కడితో ఆగిపోతాయి. రెగ్యులర్ కోర్సు ఒక ఏడాది ముందు ముగుస్తుంది, నిజమే. ఆ ఏడాది కోసం రెండేళ్ల జీతం, సేవ మార్కులు వదులుకోవడం ఎమ్మెస్సీకి వెంటనే వెళ్లేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు గిట్టుబాటు కాదు. ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగం ఉన్న నర్సుల పరిస్థితి వేరు. ఇన్‌సర్వీస్ కోటా, స్టడీ లీవు దొరికే అవకాశం ఉంటే వాళ్లు రెగ్యులర్‌లోనే చేరడం మంచిది.

కాలేజీ వెనక ఆసుపత్రి

కోర్సు పేరు తేలాక, ఏ కాలేజీ అన్న ప్రశ్న దగ్గర చాలా కుటుంబాలు బిల్డింగ్, బస్సు, హాస్టల్ చూసి తృప్తిపడతాయి. చూడాల్సింది ఆసుపత్రి. బీఎస్సీ కాలేజీకి సొంతంగా 100 పడకల ఆసుపత్రి ఉండాలని కౌన్సిల్ అంటుంది. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలన్నది ఇంకో కొలత. అంటే 60 మంది బ్యాచ్ ఒకేసారి వార్డుల్లోకి దిగితే మంచాల మీద 180 మంది రోగులు ఉండాలి. బోర్డు మీద 100 పడకలని రాసి, పొద్దున పదకొండు గంటలకు వెళ్తే ఇరవై మంది కూడా కనిపించని ఆసుపత్రులు ఉంటాయి. తనిఖీ రోజున మాత్రం మంచాలన్నీ నిండుతాయి. అలాంటి చోట నాలుగేళ్లు చదివిన పిల్లకు ఐవీ లైన్ పెట్టడానికి చేయి వణుకుతుంది. ఈ పరిస్థితికి ఆ పిల్లది ఏమాత్రం తప్పు లేదు. ఫీజు కట్టించుకుని రోగిని చూపించని కాలేజీదే తప్పు.

ఈ విషయంలో మూడు జిల్లా కేంద్రాలూ అదృష్టం చేసుకున్నాయి. కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో మొదలైంది. దాని వెంట ఉన్న పెద్దాసుపత్రికి కర్నూలు, నంద్యాల, అనంతపురం నుంచే కాక గద్వాల వైపు నుంచి, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు వస్తారు. కాలిన కేసులు, పాముకాట్లు, పురుగుమందు కేసులు, హైవే ప్రమాదాలు, కష్టమైన కాన్పులు, అన్నీ అక్కడికే చేరతాయి. కర్నూలులో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ కూడా ఉంది. అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2000లో, కడప రిమ్స్ 2006లో వచ్చాయి. పాత అనంతపురం జిల్లాలో ఇంకో పేరు చెప్పుకోవాలి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) బత్తలపల్లిలో ఉన్న ఆసుపత్రి, ముఖ్యంగా హెచ్‌ఐవీ, క్షయ రోగులకు అక్కడ జరిగే వైద్యం, రోగిని మనిషిగా చూడటం ఎలాగో నేర్పే చోటు. జిల్లాల విభజన తర్వాత 2022 నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

ప్రైవేటు కాలేజీలో చేరినా, క్లినికల్ పోస్టింగులు ఇలాంటి ఆసుపత్రుల్లో వేస్తారా అన్నది అడిగి తెలుసుకోవాలి. అడగాల్సింది ప్రిన్సిపాల్‌ను కాదు, మూడో ఏడాది, నాలుగో ఏడాది చదివే విద్యార్థినులను. పోయిన ఏడాది ఏ వార్డులో ఎన్ని వారాలు ఉన్నారు, లేబర్ రూమ్‌లో కాన్పు స్వయంగా చేయనిచ్చారా, గోడ పక్కన నిలబెట్టి లాగ్‌బుక్ నింపించారా, ఐసీయూలోకి పంపారా, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ వెంట వచ్చారా, లేక పిల్లల్ని వదిలేసి వెళ్లిపోయారా. హాస్టల్ గేటు దగ్గర పది నిమిషాలు మాట్లాడితే కాలేజీ సంగతి తెలిసిపోతుంది. పెద్దాసుపత్రిలో పోస్టింగ్ ఉన్నా, ఒకే వార్డులోకి ఐదారు కాలేజీల పిల్లలు ఒకే ఉదయం వస్తే రోగి చుట్టూ యూనిఫామ్‌లే తప్ప నేర్చుకునేది ఏమీ ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రులు ఎన్ని కాలేజీలకు అనుమతి ఇస్తున్నాయో, ఆ పడకలకు అంతమంది విద్యార్థులు తగుదురా అన్నది అధికారులు గట్టిగా చూడాల్సిన విషయం. ఇది విద్యార్థుల కంటే రోగుల మేలుకు ఎక్కువ అవసరం.

పైమెట్లలో దేన్ని ఎంచుకోవాలి

పై చదువు అనగానే అందరి నోటా వచ్చేది ఎమ్మెస్సీ. మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ హెల్త్, పీడియాట్రిక్, సైకియాట్రిక్, అబ్‌స్టెట్రిక్ అండ్ గైనకాలజీ అని ఐదు విభాగాలు ఉంటాయి. ఎమ్మెస్సీ ప్రధానంగా పాఠం చెప్పేవాళ్లను, నర్సింగ్ విభాగాలను నడిపేవాళ్లను తయారుచేసే చదువు. కాలేజీలో ట్యూటర్ నుంచి ప్రొఫెసర్ దాకా వెళ్లాలంటే ఇది లేకుండా కుదరదు. ప్రిన్సిపాల్ కావాలంటే దీనితో పాటు 15 ఏళ్ల అనుభవం కావాలి. చిన్న ఊళ్ల ప్రైవేటు కాలేజీల్లో ట్యూటర్ల జీతాలు మాత్రం బాధ కలిగించే స్థాయిలో ఉంటాయి. పెద్ద నగరపు ఆసుపత్రిలో ఐసీయూ నర్సు సంపాదన అంతకంటే ఎక్కువగా ఉండటం మామూలే. పాఠం చెప్పడం మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లే ఎమ్మెస్సీకి వెళ్లాలి. ఇంట్లో పెళ్లి సంబంధాల కోసమో, పేరు వెనక అక్షరాల కోసమో వెళ్తే ఆ రెండేళ్లూ భారమే. విభాగం ఎంచుకునేటప్పుడు కూడా సీటు ఏది దొరికితే అది అన్న పద్ధతి మంచిది కాదు. సైకియాట్రీకి డిమాండ్ లేదని వదిలేసేవాళ్లు ఎక్కువ. అప్పుల బాధలు, ఆత్మహత్యలు చూసిన ఈ నేల మీద మానసిక ఆరోగ్యం తెలిసిన నర్సుకు పని లేదనడం ఎంత పొరపాటో చెప్పనక్కర్లేదు.

రోగి పక్కనే ఉండి నైపుణ్యం పెంచుకోవాలనుకునేవాళ్లకు రెండు దారులు ఉన్నాయి, వీటి గురించి సీమలో మాట్లాడుకునేది తక్కువ. ఒకటి పోస్ట్ బేసిక్ డిప్లొమా, ఒక్క ఏడాది. క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, కిడ్నీ, క్యాన్సర్, నవజాత శిశువులు, గుండె, ఆపరేషన్ థియేటర్, మానసిక ఆరోగ్యం వంటి ప్రత్యేక విభాగాల్లో ఉంటుంది. రిజిస్టర్డ్ నర్సు అయి అనుభవం ఉంటే జీఎన్‌ఎం వాళ్లూ చేరవచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో మానసిక ఆరోగ్య నర్సింగ్, వెల్లూరు సీఎంసీలో వేర్వేరు విభాగాల డిప్లొమాలు చాలా కాలంగా నడుస్తున్నాయి. రెండూ మన జిల్లాల నుంచి ఒక పూట ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. సీఎంసీ నర్సింగ్ స్కూలు 1909లో మొదలై, 1946లోనే డిగ్రీ కోర్సు పెట్టింది. నర్సింగ్‌లో వేగం అన్న మాటకు సరిగ్గా సరిపోయేది ఈ ఏడాది కోర్సే. డయాలసిస్ యూనిట్లు తాలూకా స్థాయికి వచ్చేశాయి, జాతీయ రహదారి 44 మీద ప్రమాదాలు ఆగడం లేదు, నవజాత శిశువుల యూనిట్లకు చేయి తిరిగిన నర్సులు కావాలి. ఒక ఏడాదిలో వచ్చే ఈ నైపుణ్యానికి ఆసుపత్రుల్లో వెంటనే విలువ ఉంటుంది.

రెండోది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. బీఎస్సీ తర్వాత ఏడాది క్లినికల్ అనుభవం ఉన్నవాళ్లకు రెండేళ్ల పీజీ కోర్సు. రెసిడెన్సీ పద్ధతి కాబట్టి ఎక్కువ భాగం ఐసీయూలోనే గడుస్తుంది. వెంటిలేటర్ మీదున్న రోగిని క్షుణ్ణంగా అంచనా వేయడం, ప్రోటోకాల్ ప్రకారం చికిత్సలో మార్పులు చేయడం నేర్పుతారు. చదువు చాలా బలమైనది. కానీ విదేశాల్లో నర్స్ ప్రాక్టీషనర్లకు ఉన్న స్వతంత్ర అధికారం, ప్రత్యేక క్యాడర్ ఇక్కడ ఇంకా కుదురుకోలేదు. చాలా ఆసుపత్రుల్లో ఆ చదువు చదివినవాళ్లు కూడా మామూలు నర్సింగ్ ఆఫీసర్ పోస్టులోనే ఉంటారు. చేరే ముందే ఆ ఆసుపత్రిలో చదువయ్యాక ఏ హోదా ఇస్తారో అడగాలి. ప్రసూతి వైపు ఇలాంటిదే 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ శిక్షణ. పక్క రాష్ట్రం తెలంగాణ 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టి, మిడ్‌వైఫ్‌లను ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూమ్‌ల్లో నియమించి చూపించింది. 2018 చివర్లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. సిజేరియన్లు ఇంతగా పెరిగిన చోట ఈ పనికి సీమ ఆసుపత్రుల్లోనూ హోదా ఇచ్చి పోస్టులు పెంచాలి.

బెంగళూరు సీట్లు, విదేశీ ఆశలు

అనంతపురం, హిందూపురం, కదిరి నుంచి బెంగళూరు దగ్గర. కన్సల్టెన్సీ వాళ్లు ఇంటికొచ్చి సీటు మాట్లాడి, కారులో తీసుకెళ్లి చేర్పిస్తారు. కర్ణాటకలో మంచి కాలేజీలు ఉన్నాయి, అందులో సందేహం లేదు. కానీ కన్సల్టెన్సీకి కమిషన్ ఎక్కువ ఇచ్చే కాలేజీ, మంచి ఆసుపత్రి ఉన్న కాలేజీ ఒకటే కావాలని ఏమీ లేదు. రాష్ట్రం బయట చదివితే మన ఫీజు రీయింబర్స్‌మెంట్ మామూలుగా వర్తించదు. మొదటి ఏడాది చెప్పిన ఫీజు, రెండో ఏడాది అడిగే ఫీజు వేరుగా ఉంటాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకుని, మధ్యలో మానేస్తే నాలుగేళ్ల ఫీజూ కట్టమనేవాళ్లున్నారు. చేరేటప్పుడే మొత్తం ఫీజు రాతపూర్వకంగా తీసుకోవాలి. సర్టిఫికెట్లు ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. చదువయ్యాక అక్కడి కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఇక్కడ ఉద్యోగం చేయాలంటే ఎన్‌ఓసీ తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలి. దీనికి నెలలు పట్టొచ్చు. స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ వచ్చిన రోజున రాష్ట్ర రిజిస్ట్రేషన్ చేతిలో లేక దరఖాస్తు ఆగిపోతే ఆ టెన్షన్ ఎవరూ తీర్చలేరు.

విదేశాల మాట చెప్పి కోర్సు అమ్మేవాళ్ల దగ్గర కూడా ఇంతే జాగ్రత్త కావాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష రాయాలి. దానికి ముందు మన చదువులో పెద్దల నర్సింగ్, ప్రసూతి, పిల్లలు, మానసిక ఆరోగ్యం, ఈ నాలుగింటిలో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ చేశారో ట్రాన్‌స్క్రిప్ట్ నుంచి తీసి చూస్తారు. బ్రిటన్‌కు కంప్యూటర్ పరీక్ష, అక్కడికెళ్లాక చేతిపని పరీక్ష, దానికి ముందు ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష. జర్మనీకి వెళ్లాలంటే నర్సుగా గుర్తింపుకు మామూలుగా బీ2 స్థాయి జర్మన్ రావాలి, ఆ భాష నేర్చుకోవడానికే ఏడాది పట్టొచ్చు. గల్ఫ్ దేశాలు సర్టిఫికెట్లను జారీచేసిన సంస్థ నుంచే నేరుగా సరిచూస్తాయి. ఈ దేశాలేవీ 'తొందర కోర్సు' చేశావా అని అడగవు. గంటలు, రిజిస్ట్రేషన్, భాష, ఐసీయూ వంటి చోట్ల చేసిన నిజమైన అనుభవం అడుగుతాయి. నాన్ అటెండింగ్ డిగ్రీలు బయటపడేది ఎక్కువగా ఈ దశలోనే.

అందుకే ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సిన పేర్లు మూడు: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్, డిగ్రీ కోర్సులకైతే విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అది పూర్తిగా అమల్లోకి వచ్చేకొద్దీ ఈ సంస్థల పేర్లు, ప్రవేశాల పద్ధతి మారతాయి. ఏ పేరుతో ఉన్నా, గుర్తింపు సంవత్సరం వారీగా, కోర్సు వారీగా ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. జీఎన్‌ఎంకు అనుమతి ఉన్న కాలేజీకి పోస్ట్ బేసిక్‌కు ఉండకపోవచ్చు. పోయిన ఏడాది 60 సీట్లు ఉన్న చోట ఈ ఏడాది 40కి తగ్గించి ఉండొచ్చు. గోడకు ఫ్రేము కట్టించి పెట్టిన పాత కాగితం చూపిస్తే, చేరబోయే విద్యా సంవత్సరానికి ఇచ్చిన లేఖ చూపించమని అడగాలి, అదే కాలేజీ పేరు, అదే కోర్సు, అదే సీట్ల సంఖ్య కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉన్నాయో లేదో ఆఫీసు ముందు నిలబడే ఫోన్‌లో చూసుకోవచ్చు. లేఖ ఇంకా రాలేదు, వచ్చేస్తుంది, ముందు ఫీజు కట్టేయండి అంటే ఆ రోజుకు ఫీజు కట్టకుండా వెనక్కి రావాలి.